రెక్క కింద కుక్క

పోయినవారం మిషనక్కను మంచి ఇరకాటంలో కూర్చోబెట్టి వచ్చేశాం. విమానం తలుపులు మూసేశారు. పద్నాలుగో వరుసలో నడవ పక్క సీటు ఆమెది. పక్కన ఆమె మరిది, అంటే చెల్లెలి మొగుడు. కిటికీ పక్క సీటు ఖాళీ. పదకొండేళ్లుగా పలకరింపు లేని చెల్లెలు మూడు రోజుల కిందట ఫోన్‌కి ఒకే ఒక్క ముక్క పంపింది: "అక్కా, నీ చెవులు కావాలి." ఆ వెనకే మరిది స్వయంగా వచ్చి వాలాడు. చెల్లెలు పెట్టిన కొత్త కుట్టు ఫ్యాక్టరీలో పదహారు మిషన్లు కుట్టు తప్పుతున్నాయట. నలుగురు మెకానిక్‌లు చూసి చేతులెత్తేశారట. రేపు పొద్దున ఆర్డరిచ్చినవాళ్ల మనిషి తనిఖీకి వస్తాడు. రైలైతే రెండు రోజుల దారి. అందుకని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మిషనక్క విమానం ఎక్కింది. ఎక్కి, బెల్టు బిగించుకుని, ఫర్వాలేదులే అనుకుంటున్నంతలో విమానం మొరగడం మొదలుపెట్టింది.

మొరగడమంటే ఏదో మాటవరసకు అంటున్నది కాదు. సరిగ్గా ఆమె పాదాల కింద, నేల లోపలి నుంచి, "వూఫ్... వూఫ్ వూఫ్... వూఫ్" అని. గొలుసు తెంపుకోవాలని చూస్తున్న ఊరకుక్క లాగా, మధ్యలో ఎవరో మొద్దు రంపంతో చెక్క కోస్తున్నట్టు.

మిగతావాళ్లకేం పట్టలేదు. ముందు సీటాయన చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంటున్నాడు. నడవకు అవతల ఇద్దరు ఆడవాళ్లు ఎవరి వదినగారి గురించో తీరుబాటుగా చెప్పుకుంటున్నారు. ఇంతమందికి ఇన్ని చెవులుండి ఏం లాభమని మిషనక్కకు ఒళ్లు మండింది.

ఆమె బాధ ఆమెది మరి. ఇరవై ఎనిమిదేళ్లుగా కుట్టు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేస్తోంది. విప్పి చూసి చెప్పడం అందరూ చేసే పని. ఆమె విప్పకుండా చెబుతుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన మిషన్ ఒంటికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుంటుంది. "దీని బేరింగు గురువారం దాకా ఆగుతుంది" అంటుంది. గురువారం భోజనాల వేళకు అది పోతుంది. ప్రతి మిషన్‌కీ ఒక అట్టముక్క వేలాడదీసి, దాని మీద పెన్సిల్‌తో మూడు సంగతులు రాస్తుంది: ఏ శబ్దం, ఎప్పుడు, ఎందుకు. ఆ మూడో మాట రాయకుండా ఏ మిషన్ దగ్గర నుంచీ లేవదు. సూపర్‌వైజరు పాత కారు కొనబోతూ ముందు దాన్ని ఆమె చెవికి చూపించి మరీ కొన్నాడు.

అలాంటి చెవికి ఈ మొరుగుడు వినిపిస్తే ఊరుకుంటుందా. పోనీ ఆనించి విందామంటే స్క్రూడ్రైవర్ లేదు. తనిఖీ దగ్గర లాగేసుకున్నారు. "ఇది ఆయుధం కాదు నాయనా, నా చెవి" అని ఎంత చెప్పినా ఆ యూనిఫారం అబ్బాయి నమ్మలేదు.

మిషనక్క పెన్సిల్ తీసింది. బెల్టు సాగినంత వరకూ వంగి, పెన్సిల్ మొన సీటు కాలికి ఆనించి, రెండో కొస చెవి వెనక పెట్టుకుంది.

"వదినా, ఏం చేస్తున్నారు?" అన్నాడు మరిది.

"ఉండండి."

పెన్సిల్‌లోంచి శబ్దం నేరుగా పుర్రెలోకి దిగింది. పట్టుకుంటోంది, జారుతోంది, మళ్లీ పట్టుకుంటోంది. గేరు పళ్లు అరిగిపోతే అచ్చం ఇలాగే ఉంటుంది. ఆమెకు చెమటలు పట్టాయి. అదే శబ్దం. ఈ కుక్క మొరగడం ఆమె వినడం ఇది మొదటిసారి కాదు. ఆ సంగతి ఇంతవరకూ ఏ ప్రాణికీ చెప్పలేదు.

మిషనక్క నెత్తి మీది బొత్తం నొక్కింది. ఒకసారి నొక్కితే చాలు. నాలుగుసార్లు నొక్కింది.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది. చిన్నపిల్లేం కాదు, యాభైకి దగ్గర పడ్డ మనిషి. కణతల దగ్గర నెరిసిన జుట్టును నున్నగా దువ్వి ముడి వేసుకుంది.

"ఏం కావాలమ్మా? మంచినీళ్లు ఇవ్వమంటారా?"

"నీళ్లొద్దు. బండి ఆపించండి. కింద గేరు అరిగిపోయింది."

ఆ మాటతో ముందు సీటాయన చాపుకున్న కాళ్లు ముడుచుకున్నాడు. అవతలి ఆడవాళ్లు తమ వదినగారిని అక్కడే వదిలేసి ఇటు తిరిగారు.

"వదినా, కాస్త మెల్లగా," అన్నాడు మరిది.

"మెల్లగా చెప్తే గేరు బాగవుతుందా?"

హోస్టెస్ నవ్వలేదు. కంగారు పడొద్దమ్మా అని పాఠం కూడా అప్పజెప్పలేదు. నడవలో గొంతుక్కూర్చుని, మిషనక్క మొహానికి మొహం పెట్టి, "మీకెలా వినిపిస్తోందో చెప్పండి" అని అడిగింది.

అలా అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. భయమెందుకని అడిగారు, ఏం కాదులే అన్నారు, కళ్లు మూసుకుని పడుకోమన్నారు. ఏం వినిపిస్తోందని మాత్రం ఎవరూ అడగలేదు. మిషనక్క గొంతు సర్దుకుంది.

"కుడి రెక్క మొదట్లోంచి వస్తోంది. ఒక తాళంలో లేదు. రెండుసార్లు దగ్గరదగ్గరగా, ఒకసారి ఎడంగా. పట్టి వదిలేస్తోంది. వదిలినప్పుడు కీచుమంటోంది."

"ఇరవై రెండేళ్ల నుంచి ఎగురుతున్నాను. ఇంత వివరంగా చెప్పినవాళ్లను చూడలేదు," అంది హోస్టెస్. "మీరు విన్నది నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని మేం కూడా కుక్క అనే అంటాం."

"మీరూనా?"

"ఈ రకం విమానాలన్నిట్లోనూ ఉంటుందది. నాకు మెకానిక్ పని రాదు, ట్రైనింగ్‌లో చెప్పింది చెప్తున్నా. చక్రాలకీ రెక్కలకీ నూనె ఒత్తిడితో పని. కుడివైపు కొంత, ఎడమవైపు కొంత. ఇంజన్లు రెండూ ఒకేసారి మొదలవ్వవు, ఒకదాని తర్వాత ఒకటి. ముందు మొదలైన వైపు ఒత్తిడి ఎక్కువుంటుంది, రెండోవైపు తక్కువ. ఈ పంపు ఎక్కువున్న వైపు బలం తీసుకుని తక్కువున్న వైపుకి తోస్తుంది. తోసి, సరిపోయిందా లేదా అని ఆగుతుంది. సరిపోలేదంటే మళ్లీ తోస్తుంది."

"అందుకా పట్టి వదులుతోంది."

"అందుకే. రెండో ఇంజన్ అందుకోగానే నోరు మూసుకుంటుంది, చూడండి."

మిషనక్క పెన్సిల్ చెవికి ఆనించుకునే ఉంది. వూఫ్ వూఫ్. వూఫ్. ఇంకో వైపు నుంచి సన్నని మూలుగు లేచి, లావై, నిలకడగా నిలబడింది. కుక్క ఆగిపోయింది.

ఆమె చాలాసేపు పెన్సిల్ తీయలేదు. రెండు వైపులా సమానం చేసే పంపు. తోసి, ఆగి, చూసుకుని తోసే పంపు. అలాంటిది మొరగక ఏం చేస్తుంది? ఆ శబ్దం రాకపోతేనే అనుమానించాలి. ఇరవై ఎనిమిదేళ్ల అనుభవంలో ఇంత అందమైన ఏర్పాటు ఆమె చూడలేదు. ఒళ్లంతా గగుర్పొడిచింది, ఈసారి భయంతో కాదు.

"ఇంకా ఏమేం శబ్దాలొస్తాయి? వరసగా చెప్పండి, రాసుకుంటాను," అంది చేతిసంచిలోంచి అట్టముక్క లాగుతూ.

హోస్టెస్‌కి అవతల పని ఉంది. అయినా అడిగిన తీరుకు ముచ్చటపడి గబగబా చెప్పింది. కాసేపట్లో గుయ్యిమంటే రెక్కలు వెడల్పు చేస్తున్నారని. పరిగెత్తేటప్పుడు నెత్తి మీది అరలన్నీ గడగడలాడతాయని. నేల వదిలాక కాళ్ల కింద ధన్నుమంటే చక్రాలు లోపలికి వెళ్లాయని. ఆ తర్వాత ఇంజన్ గొంతు ఒక్కసారిగా తగ్గుతుందని.

"అందరికీ ప్రాణాలు పోయేది అక్కడే. ఇంజన్ ఆగిపోయిందనుకుంటారు. ఆగదమ్మా. మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కినవాడు పైన కాస్త నెమ్మదిస్తాడు చూడండి, అంతే."

ఆమె వెళ్లిపోయింది. మిషనక్క అట్టముక్క మోకాలి మీద పెట్టుకుని, విమానమనే మిషన్‌కి తన మొదటి చీటీ రాసింది. శబ్దం: కుక్క. ఎప్పుడు: ఇంజన్లు మొదలయ్యేటప్పుడు. ఎందుకు దగ్గర పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. బాగుంది కాబట్టి, అని రాసింది.

రాసిన ఆ మూడు మాటలూ చూస్తుంటే సంతోషం సగంలోనే ఆగిపోయింది. బాగుంది కాబట్టి మొరిగింది. మరి ఆ రోజు?

విమానం మెల్లగా కదిలి, మలుపు తిరిగి, ఎండలో మెరుస్తున్న గడ్డి పక్కనుంచి పోతోంది. గుయ్యిమని శబ్దం వచ్చింది. మిషనక్క రెక్కలని రాసుకుంది. కుడిచేయి రాస్తోందే కానీ, మనసు పదకొండేళ్లు వెనక్కి పోయింది. ఈ మాట ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది. చెల్లెలి మొహం చూసి చెప్పే ముందు, దాని మొగుడి దగ్గర ఒకసారి నోరు తిప్పుకుంటే మంచిదనుకుంది.

"మరిదిగారూ, మీకో సంగతి చెప్పాలి."

"చెప్పండి వదినా."

"మీ పెళ్లికి నేనెందుకు రాలేదో తెలుసా?"

అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముందు సీటు వెనక ఉన్న బొమ్మల కాగితం చూస్తున్నాడు. "పని ఒత్తిడని రాశారుగా."

"అబద్ధం. బయల్దేరాను. విమానం ఎక్కాను కూడా. ఇలాగే కూర్చున్నాను. ఇదే కుక్క మొరిగింది. గేరు పోయిందని నా చెవి చెప్పింది. నా చెవి ఎప్పుడూ తప్పలేదు మరి. లేచి నిలబడి అరిచాను. ఇది ఎగిరితే పడిపోతుంది, అందరూ దిగండని. నూట అరవైమంది. పిల్లలు ఏడుపు అందుకున్నారు. నా ఒక్కదాని కోసం బండిని వెనక్కి తెచ్చి, తలుపు తీసి, నన్ను దింపేశారు."

చెబుతుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా తల కొట్టేసినట్టుగానే ఉంది.

"దిగి అద్దాల గోడ దగ్గర నిలబడ్డాను. ఆ విమానం ఏమవుతుందోనని చూస్తూ. అది చక్కగా లేచి వెళ్లిపోయింది. హమ్మయ్య అనుకోవాలా వద్దా? నాకు ఏడుపొచ్చింది. వాళ్లు బతికినందుకు కాదు, నా చెవి తప్పినందుకు. మర్నాడు ఫ్యాక్టరీలో ఏ మిషన్ దగ్గరికీ వెళ్లలేకపోయాను. భయపడ్డానని చెప్పుకోవచ్చు, అందులో సిగ్గేముంది. మిషన్ శబ్దం తప్పు విన్నానని ఎలా చెప్పను? మా చెల్లికి చిన్నప్పటి నుంచీ నా చెవులంటే ఎంత గొప్పో. అందుకని పని ఒత్తిడి అని నాలుగు లైన్లు రాసి పడేశాను."

మరిది తల ఊపాడు. "అలాగా వదినా. పాపం, ఎంత ఇబ్బంది పడ్డారో," అన్నాడు.

మాట మంచిదే. జాలి కూడా ఉంది. కానీ మిషనక్క చెవి నిక్కబొడుచుకుంది. కొత్త సంగతి విన్నవాడి గొంతు ఎక్కడో ఒకచోట తడబడుతుంది. సూది గుడ్డలోకి దిగినప్పుడు మిషన్ చప్పుడు మారినట్టు, ఆ చిన్న తేడా తప్పకుండా ఉంటుంది. మరిది గొంతు మొదటి నుంచి చివరిదాకా నున్నగా సాగిపోయింది. గుడ్డ లేకుండా ఉత్తినే తిరిగే మిషన్ లాగా.

ఆమె అట్టముక్క మడిచి పక్కన పెట్టింది.

"మీకు ముందే తెలుసు."

"ఏంటి వదినా?"

"నేను విమానం ఎక్కి దిగానన్న సంగతి. శబ్దానికి భయపడి దిగానన్న సంగతి. మీకు ముందే తెలుసు."

పైన టింగుమని గంట మోగింది. సిబ్బంది అందరూ కూర్చోవలసిందిగా కెప్టెన్ గొంతు వినిపించింది. విమానం పొడుగాటి దారి మొదట్లో నిలబడి ఊపిరి బిగబట్టింది.

"చెప్పండి," అంది మిషనక్క.

ఇంజన్లు గర్జించాయి. వీపు సీటుకి అతుక్కుపోయింది. నెత్తి మీది అరలన్నీ గడగడలాడడం మొదలుపెట్టాయి. అవతలి ఆడవాళ్లిద్దరూ ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకున్నారు. మిషనక్క కూడా పట్టుకుంది, మరిది మణికట్టు. భయంతో కాదు, వదిలితే జారుకుంటాడేమోనని. ఎక్కడికి జారుకుంటాడో ఆమెకే తెలియాలి.

"ఆ రోజు మిమ్మల్ని తీసుకెళ్లడానికి నేనే వచ్చాను వదినా," అన్నాడు అతను, ఆ హోరులో వినపడేలా గొంతు పెంచి. "స్నేహితుడి కారు అడిగి తెచ్చాను. లోపలున్న వాళ్లంతా బయటికొచ్చారు, మీరు రాలేదు. కౌంటర్లో అడిగాను. ఆవిడ శబ్దానికి భయపడ్డారండీ, అందుకని దింపేశామని చెప్పారు."

"చెప్తే? ఇంటికెళ్లి దానికేం చెప్పారు?"

చక్రాల కింద నేల దడదడమంటోంది. కిటికీలో గడ్డి పచ్చటి గీతగా మారిపోయింది.

"మీ అక్క విమానం ఎక్కి, మళ్లీ మనసు మార్చుకుని దిగిపోయిందట అన్నాను."

ముక్కు పైకి లేచింది. నేల చప్పుడు కత్తిరించినట్టు ఆగిపోయింది. విమానం గాల్లో ఉంది. పదకొండేళ్లుగా ఏ క్షణాన్ని తలుచుకుని నిద్రలో ఉలిక్కిపడి లేస్తోందో, ఆ క్షణం వచ్చింది, దాటిపోయింది. మిషనక్క చూడనైనా లేదు.

"మనసు మార్చుకున్నానా? నేనా?"

"ఎక్కారు, దిగారు. రెండూ నిజమే కదా, భయపడి అన్న ఒక్క మాట తీసేస్తే అబద్ధమవుతుందా అని నాకు నేను చెప్పుకున్నాను."

కాళ్ల కింద ధన్నుమంది. ముందు సీటాయన "అయ్యో" అన్నాడు.

"చక్రాలు లోపలికెళ్లాయి, ఏం లేదు," అని అతనికి చెప్పి, తల తిప్పకుండానే మరిదితో, "ఎందుకు తీసేశావు ఆ మాట?" అంది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

"మీరు నన్ను బొత్తాలవాడు అన్నారు వదినా. పెళ్లి మాటలప్పుడు. షాపు షాపుకీ తిరిగి బొత్తాలు, జిప్పులు అమ్ముకునేవాడికి మా పిల్లనెలా ఇస్తామని, నేను వాకిట్లో చెప్పులు విప్పుకుంటుండగా అన్నారు. నేను విన్నానని మీకు తెలీదు. మీ చెవులే కాదు కదా వినేది. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. తను అక్కా అక్కా అని మిమ్మల్నే తలుచుకుంటుంటే ఒళ్లు మండేది. ఒక్కసారి మీరు తన కళ్లలో తగ్గితే చాలనుకున్నాను."

ఇంజన్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. విమానం నిండా మాటలు ఆగిపోయాయి. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు.

"మెట్లెక్కేశాం, నెమ్మదించింది," అంది మిషనక్క అందరికీ వినపడేలా. "ఊఁ, చెప్పు."

"నాలుగు రోజులాగి నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. పని ఒత్తిడి వల్ల రాలేకపోయానని. తను అది చదివి నా వైపు చూసి, ఎక్కి దిగిన మనిషి అసలు బయల్దేరనే లేదన్నట్టు రాసిందే అంది. మీరు చెప్పింది అబద్ధమని తనకి తెలిసిపోయింది. ఇక నా మాటని ఎవరు అనుమానిస్తారు? ఆ ఉత్తరం రాకుండా ఉంటే నా అబద్ధం వారం కూడా నిలిచేది కాదు వదినా."

మిషనక్క చెయ్యి వదిలేసింది. అతని మణికట్టు మీద నాలుగు వేళ్ల గుర్తులు ఎర్రగా పడ్డాయి.

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆ చెంపదెబ్బలో సగం వాటా తనకూ ఉందని తెలిసిపోతోంది. ఇతను ఒక మాట దాచాడు, తనూ అదే మాట దాచింది. ఇద్దరూ దాచింది ఒకే మాట. భయపడి. ఆ ఒక్క మాట ఎవరో ఒకరు అని ఉంటే చెల్లెలు మొదటి రైలెక్కి వచ్చి తన ఒళ్లో పడి నవ్వేది. పదకొండేళ్లు. దాని కూతురు ఎలా ఉంటుందో తనకు తెలియదు. చెల్లెలు ఫ్యాక్టరీ పెట్టిందన్న సంగతి కూడా ఎవరో దారాలు అమ్మేవాడు చెబితే తెలిసింది.

కిటికీ పక్క ఖాళీ సీటు మీద ఎండ పడింది. మిషనక్క అప్పుడు చూసింది. మేఘాలు కింద ఉన్నాయి. ఏకిన దూది పరుపుల కొట్లో ఆరబోసినట్టు తెల్లగా, దూరందాకా. రెక్క కొస కాస్త వణుకుతోంది, వణకాల్సినంతే వణుకుతోంది. ఇంజన్లు రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయి. కుడిదానికీ ఎడమదానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత మంచి మిషన్‌ను చూసి ఇన్నాళ్లూ పారిపోయానా అనిపించింది.

"ఎగిరేశాను," అంది మెల్లగా.

"ఆఁ వదినా. పావుగంటైంది."

ఆమెకు నవ్వొచ్చింది. దాని వెనకే కన్నీళ్లు కూడా వచ్చాయి. కొంగుతో కాకుండా అరచేత్తోనే తుడిచేసుకుంది. కోపం పోలేదు, కానీ దాని మీద ఇంకేదో లేచి కూర్చుంది. ఇంకొన్ని గంటల్లో చెల్లెల్ని చూస్తుంది. ఇప్పుడు దాచడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదు.

"సరే, విను. తిట్టాల్సింది తర్వాత తీరిగ్గా తిడతాను. ఫ్యాక్టరీ మెట్లెక్కకముందే ఇద్దరం దాని ముందు నిలబడి చెప్పేద్దాం. ముందు నేను చెప్తాను, తర్వాత నువ్వు చెప్పు. అది కొట్టినా సరే పడదాం. ఎంతైనా అదే ముందు పిలిచింది. మనసు విరిగిపోయుంటే పిలుస్తుందా? పదకొండేళ్ల తర్వాత నీ చెవులు కావాలి అందంటే, దానర్థం మిషన్లు ఒక్కటే కాదు. నాకు తెలుసు దాని సంగతి."

ఆమె ఫోన్ తీసి ఆ ముక్క మళ్లీ చదువుకుంది. మూడు రోజుల్లో ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. "చూడు, అక్కా అని రాసింది. ముందు ఆ మాటే రాసింది."

మరిది ఫోన్ వైపు చూడలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒకదాంట్లో ఒకటి బిగించాడు.

"వదినా."

ఈసారి ఆ గొంతులో తడబాటు ఉంది. మిషనక్క ఫోన్ దించింది.

"ఆ మెసేజ్ రాసింది నేను."

ఆమెకు అర్థం కాలేదు. చెవిలో పడింది కానీ లోపలికి దిగలేదు.

"తను స్నానానికెళ్లినప్పుడు తన ఫోన్లోంచి నేను పంపాను. వస్తున్నానని మీరిచ్చిన జవాబు కూడా నేనే చదివి, తను చూడకముందు తీసేశాను. మిషన్ల సంగతి మాత్రం అబద్ధం కాదు. పదహారు మిషన్లు, రేపు పొద్దున తనిఖీ, అంతా నిజం. మీరు తప్ప దాన్ని పట్టుకునేవాళ్లు లేరన్నదీ నిజం. నా కడుపులో ఈ సంగతి పెట్టుకుని ఇంకా ఎన్నేళ్లు తిరగను చెప్పండి? మీ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టడానికి నాకింకో దారి కనపడలేదు."

"నీ చెవులు కావాలి అన్నది..."

"ఆ మాట తనదే. ఏ మిషన్ ఆగినా మా అక్క చెవులుంటేనా అంటుంది. అనేసి లేచి వెళ్లిపోతుంది. ఆ మాటే తీసుకుని రాశాను."

మిషనక్క సీటులో వెనక్కి వాలింది. కింద నేల ఎంత దూరంలో ఉందో మొదటిసారి గుర్తొచ్చింది. అప్పుడంటే అరిస్తే తలుపు తీశారు. ఇప్పుడు ఎంత అరిచినా దిగే వీల్లేదు.

"మరి దానికేమని చెప్పి బయల్దేరావు?"

"పెద్ద మెకానిక్‌ని తెస్తున్నానని. ఎయిర్‌పోర్టు గేటు దగ్గరికి తనే కారు తీసుకుని వస్తోంది."

"ఆ మెకానిక్‌ ఎవరని అడగలేదా?"

ఇంజన్లు నిలకడగా మోగుతున్నాయి. ఆమె అతని గొంతు కోసమే చెవులు పెట్టుకుని కూర్చుంది.

"అడగలేదు. నేనే అడిగాను వదినా, పోనీ మీ అక్కని తీసుకురానా అని. చేతిలో ఉన్న దారపు బాబిన్ కింద పెట్టి, ఎవరినైనా తీసుకురా, కాళ్లు పట్టుకునైనా తీసుకురా, అక్కని మాత్రం పిలవొద్దు అంది. అక్క మళ్లీ సగం దాకా వచ్చి దిగిపోతే, ఈసారి నేను తట్టుకోలేను అంది."